ధమనుల పూడికలో దొరికే కాల్షియం ప్రోటీన్లు గట్టిపడటానికి కారణమా, కాపలానా?

ప్రశ్న
రసాయనశాస్త్ర ఉపన్యాసకుడు, ప్రొద్దుటూరు

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి ఈమధ్య కడపలో గుండెకు సి.టి. తీయిస్తే కరోనరీ కాల్షియం స్కోరు (గుండె ధమనుల్లో పేరుకున్న కాల్షియం లెక్క) 400 దాటిందని రిపోర్టు వచ్చింది. దానితోపాటు చేయించిన రక్తపరీక్షలో మాత్రం కాల్షియం డెసిలీటరుకు 9.4 మిల్లీగ్రాములే ఉంది, అంటే అందరికీ ఉండవలసినంతే. రిపోర్టులో కాల్షియం అన్న మాట చూసిన నాటి నుండి ఆయన రాగి సంగటి ముట్టడం లేదు, మజ్జిగ మానేశారు, బోరు నీళ్లు పక్కనపెట్టి క్యాను నీళ్లే తాగుతున్నారు. బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున సున్నపు పొర ఎలా కడుతుందో రక్తనాళాల్లోనూ అలాగే కడుతుందని ఆయన నమ్మకం. ఎర్రగుంట్ల చుట్టూ నేలంతా సున్నపురాయే కాబట్టి ఈ మాట మా వైపు చాలామంది నోట వినబడుతుంది.

ఆయనకు సరైన సమాధానం చెప్పాలని చదవడం మొదలుపెట్టి నేనే చిక్కులో పడ్డాను. గట్టిపడిన పూడికలో ఎథెరోకాల్సిన్, ఆస్టియోకాల్సిన్, మ్యాట్రిక్స్ గ్లా ప్రోటీన్, ఆస్టియోపాంటిన్ వంటి కాల్షియంను పట్టుకునే ప్రోటీన్లు ఉన్నాయని ఒకచోట చదివాను. కాల్షియం పేరుకున్న చోటే కాల్షియంను పట్టుకునే ప్రోటీన్ దొరికితే, ఆ ప్రోటీనే దాన్ని లాగి అక్కడ పెట్టిందని అనుకోవడం సహజం. కానీ వీటిలో కొన్ని గట్టిపడకుండా అడ్డుకుంటాయని మరొకచోట ఉంది. ఒకే పని చేసే అణువు రెండు విరుద్ధ ఫలితాలను ఎలా ఇస్తుంది? రక్తంలో కాల్షియం మామూలుగా ఉన్నప్పుడు ధమనిలో ఇంత ఎలా చేరింది? ధమనుల్లోని కాల్షియంను ఎముకలకు తరలిస్తాయని చెప్పి అమ్ముతున్న విటమిన్ కె2 మాత్రల్లో నిజం ఎంత? తెలిసినవారు వివరంగా రాయగలరని మనవి.

సమాధానం 1
విశ్రాంత జీవరసాయన ఆచార్యుడు, అనంతపురం

లెక్చరర్ గారికి నమస్కారం. మీరు రసాయనశాస్త్రం చెప్పేవారు కాబట్టి కొంచెం లోతుగానే రాస్తాను.

గిన్నె అడుగున కట్టేది కాల్షియం కార్బొనేట్. నీళ్లు కాగినప్పుడు బైకార్బొనేట్ విడిపోయి కార్బన్ డయాక్సైడ్ బయటికి పోవడంతో అది పేరుకుంటుంది. అందులో జీవం పాత్ర ఏమీ లేదు. ధమనిలో కట్టేది కాల్షియం ఫాస్ఫేట్, అదీ ఎముకలో ఉండే హైడ్రాక్సీ అపటైట్ కోవకు చెందినది. ధమని గోడలో జరిగేది ఎముక తయారయ్యే తీరులోనే ఉందని రుడాల్ఫ్ విర్కో 19వ శతాబ్దంలోనే గమనించారు. ఇప్పుడు తెలిసినదాన్ని బట్టి, గోడలోని నునుపు కండర కణాలు వాపు, కొలెస్టరాల్, ఫాస్ఫేట్ ఒత్తిడికి లోనైనప్పుడు తమ స్వభావాన్ని మార్చుకుని, ఎముక కణాలు వాడే జన్యువులనే వాడటం మొదలుపెడతాయి. కణాలు చనిపోయినప్పుడు మిగిలే పొరల ముక్కలు కూడా తొలి స్ఫటికాలకు ఆసరా అవుతాయి.

రక్తంలో కాల్షియం ఎందుకు మామూలుగా ఉందన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. పెద్దవారి ఒంట్లో ఉండే సుమారు ఒక కిలో కాల్షియంలో 99 శాతం ఎముకల్లో, పళ్లల్లో ఉంటుంది. రక్తంలో ఉండే కొద్దిపాటి కాల్షియంను పారాథైరాయిడ్ హార్మోను, విటమిన్ డి కలిసి 8.5 నుండి 10.5 మిల్లీగ్రాముల మధ్య గట్టిగా నిలబెడతాయి. ధమనిలో ఎంత పేరుకున్నా ఆ అంకె కదలదు. పైగా ఆ మామూలు అంకె దగ్గర కూడా, ఒకసారి స్ఫటికం మొలిచిందంటే అది పెరగడానికి చాలినంత కాల్షియం, ఫాస్ఫేట్ మన శరీర ద్రవాల్లో ఎప్పుడూ ఉంటాయి. ఇది తెలిసినవారికి పూడిక గట్టిపడటం కంటే మిగతా ఒళ్లంతా మెత్తగా ఉండటమే పెద్ద ఆశ్చర్యం. ఆ మెత్తదనాన్ని కాపాడుతున్నవి చాలావరకు మీరు పేర్లు రాసిన ప్రోటీన్లే.

గ్లా ప్రోటీన్ల సంగతి చూద్దాం. డైకౌమరాల్ అనే మందు ఇచ్చిన ఆవుల రక్తంలో, గడ్డకట్టడానికి కావలసిన ప్రోత్రాంబిన్ అనే ప్రోటీన్ తయారవుతుంది గాని అది కాల్షియంను పట్టుకోలేదు, అందువల్ల రక్తం సరిగా గడ్డకట్టదు. ఆ పనికిరాని ప్రోత్రాంబిన్‌ను మంచిదానితో పోల్చి చూసి, స్వీడన్‌లో యోహాన్ స్టెన్‌ఫ్లో బృందం 1974లో తేడాను పట్టుకుంది. మంచిదానిలో కొన్ని గ్లుటామిక్ ఆమ్లాలకు ఒకే కార్బన్ మీద రెండో కార్బాక్సిల్ సమూహం ఉంది. అదే గామా కార్బాక్సీ గ్లుటామిక్ ఆమ్లం, పొట్టిగా గ్లా. రెండు రుణావేశాలు పక్కపక్కన ఉండటం వల్ల రెండు ధనావేశాలున్న కాల్షియం అయాను అక్కడ చక్కగా కుదురుకుంటుంది. ఈ రెండో సమూహాన్ని అతికించే ఎంజైముకు విటమిన్ కె తప్పనిసరి. డైకౌమరాల్, వార్ఫరిన్ లాంటి, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందులు ఆ విటమిన్‌ను తిరిగి వాడుకోకుండా అడ్డుపడతాయి.

ఆ తర్వాత ఎముకలో ఆస్టియోకాల్సిన్ దొరికింది. 1979లో రాబర్ట్ లెవీ, జేన్ లియాన్, పాల్ గాలప్ గట్టిపడిన పూడికల నుండి గ్లా ఉన్న ఒక ప్రోటీన్‌ను తీసి ఎథెరోకాల్సిన్ అని పేరు పెట్టారు. ఎముకలో ఉన్నలాంటిది పూడికలోనూ ఉందంటే, అదే గట్టిపరుస్తోందేమోనన్న అనుమానం అప్పట్లో రావడం న్యాయమే, మీకు వచ్చినట్టే. 1983లో మ్యాట్రిక్స్ గ్లా ప్రోటీన్ వెలుగులోకి వచ్చింది. మనిషిలో ఇది 84 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్. అందులో ఐదు గ్లాలు. 1994లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు మానవ పూడికల్లో దీని జన్యువూ ఆస్టియోపాంటిన్ జన్యువూ జోరుగా పనిచేస్తున్నట్టు చూపించారు. ఉనికి సంగతి అక్కడికి తేలిపోయింది. పాత్ర ఏమిటన్నది తేల్చడానికి ఉనికి చాలదు, ఆ ప్రోటీన్‌ను తీసేసి చూడాలి.

1997లో ఆ పని జరిగింది. మ్యాట్రిక్స్ గ్లా ప్రోటీన్ లేకుండా పుట్టించిన చిట్టెలుకలకు కొద్ది వారాల్లోనే ధమనులు గట్టిపడ్డాయి. బృహద్ధమని పగిలి రక్తస్రావమై అవి రెండు నెలల లోపే చనిపోయాయి. గట్టిపరిచేదే ఆ ప్రోటీన్ అయితే అది లేనప్పుడు ధమనులు మెత్తగా మిగలాలి కదా. జరిగింది దానికి పూర్తిగా విరుద్ధం. మనుషుల్లోనూ ఈ జన్యువు చెడితే క్యూటెల్ సిండ్రోమ్ అనే అరుదైన జబ్బు వస్తుంది, మృదులాస్థి అక్కరలేని చోట్ల గట్టిపడుతుంది.

నాకు అంతకంటే విలువైనదిగా తోచేది 2004లో వచ్చిన పని. అలాంటి ఎలుకలకే ఆ ప్రోటీన్‌ను ధమని కండర కణాల్లో తిరిగి తయారయ్యేలా చేస్తే ధమనులు బాగుపడ్డాయి. కాలేయంలో తయారై రక్తంలో తిరిగేలా చేస్తే ఏ ఉపయోగమూ కనబడలేదు. గ్లాలు ఏర్పడకుండా మార్చిన ప్రోటీన్‌ను పెడితే రక్షణ పోయింది. అదే చోట ఆస్టియోకాల్సిన్‌ను పెట్టి చూస్తే, అందులోనూ గ్లాలు ఉన్నా, అది అడ్డుకోలేకపోయింది. కాబట్టి కాల్షియంను పట్టుకోగలగడం ఒక్కటే లెక్కలోకి రాదు. ఆ ప్రోటీన్ ఎక్కడ తయారైంది, ఏ ఆకారంలో ఉంది, దాని మీద ఏ సమూహాలు అతికాయి అన్నవన్నీ కలిసి ఫలితాన్ని నిర్ణయిస్తాయి.

మీ మొదటి ప్రశ్నకు రసాయనపరమైన జవాబు ఇది. కాల్షియం పట్టు ఉన్న అణువు ఒక గట్టి ఆధారం మీద వరుసగా పరుచుకుని ఉంటే అయాన్లను ఒక క్రమంలో నిలబెట్టి స్ఫటికం మొలవడానికి సాయపడవచ్చు. అదే అణువు విడిగా తిరుగుతూ అప్పుడే మొలుస్తున్న స్ఫటికం ముఖానికి అతుక్కుంటే, కొత్త అయాన్లు అక్కడ చేరే దారి మూసుకుపోతుంది. ఆస్టియోపాంటిన్ విషయంలో ఫాస్ఫేట్ సమూహాలు అతికి ఉన్న రూపం ప్రయోగశాలలో పెంచిన కణాల్లో గట్టిపడటాన్ని ఆపింది, ఆ సమూహాలు తీసేసిన రూపం ఆపలేదు. కాలేయంలో తయారై రక్తంలో తిరిగే ఫెట్యూయిన్-ఎ పద్ధతి వేరు: పుడుతున్న కాల్షియం ఫాస్ఫేట్ నలుసులను చుట్టేసి, పెద్ద స్ఫటికాలు కాకముందే ద్రవంలో తేలేలా ఉంచుతుంది. కాల్మాడ్యులిన్ వంటివి కణం లోపల సంకేతాల పనికి కాల్షియంను వాడుకునేవి. వాటిని ఈ చర్చలో కలపనక్కరలేదు.

సమాధానం 2
పాథాలజీ వైద్యురాలు, కర్నూలు

ఆచార్యుల వారు చెప్పినదానికి మా బల్ల మీద కనబడేది కొంత చేరుస్తాను.

పోస్టుమార్టంలో వయసు మళ్లినవారి బృహద్ధమనిని నిలువుగా కోసి తెరిచినప్పుడు, పసుపు పచ్చని కొవ్వు మచ్చల మధ్య కత్తెర కరకరమని ఆగే చోట్లు ఉంటాయి. అలాంటి ముక్కను ఉన్నది ఉన్నట్టుగా మైక్రోటోముకు (పలచని పొరలు కోసే యంత్రానికి) ఎక్కిస్తే బ్లేడు అంచు దెబ్బతింటుంది, పొర చీలిపోతుంది. అందుకని ముందు ఆమ్లంలో గాని కాల్షియంను పట్టుకునే ఇ.డి.టి.ఎ. అనే రసాయన ద్రావణంలో గాని ఉంచి ఖనిజాన్ని కరిగిస్తాము. ఖనిజం ఎంత ఉందో, ఎక్కడ ఉందో చూడాలనుకుంటే మాత్రం ఈ పని చేయకూడదు. కరిగించాక రంగు వేస్తే ఏమీ కనబడదు. కరిగించని పొర మీద వాన్ కోసా రంగు వేస్తే నిక్షేపాలు నల్లగా, అలిజరిన్ రెడ్ వేస్తే నారింజ ఎరుపులో కనబడతాయి. లెక్చరర్ గారికి ఆసక్తి కలిగే సంగతి ఒకటి: వాన్ కోసా పద్ధతిలో వెండి అయాన్లు అతుక్కునేది ఫాస్ఫేట్, కార్బొనేట్‌లకు. నల్లగా కనబడే ప్రతిదాన్నీ కాల్షియం అని రాసేముందు అందుకే రెండో రంగుతో సరిచూసుకోవాలి.

ఇమ్యునో రంగులతో (ఒక ప్రోటీన్‌ను పట్టుకునే యాంటీబాడీలతో వేసే గోధుమ రంగుతో) చూసినప్పుడు మ్యాట్రిక్స్ గ్లా ప్రోటీన్ నిక్షేపాల అంచుల చుట్టూ కనబడుతుంది. దాన్ని మొదటిసారి చూసే విద్యార్థులంతా మీరు అనుకున్నట్టే అనుకుంటారు. అయితే గ్లా పూర్తిగా ఏర్పడిన రూపాన్నీ, ఏర్పడని రూపాన్నీ వేరువేరుగా గుర్తించే యాంటీబాడీలు వచ్చిన తర్వాత, నిక్షేపాల దగ్గర ఏర్పడని రూపం పోగుపడుతోందని 2005 ప్రాంతంలో తేలింది. కణాలు ప్రోటీన్‌ను తయారుచేసి పంపుతున్నాయి గాని, విటమిన్ కె చేయవలసిన చివరి పని పూర్తికాకుండానే అది అక్కడికి చేరుతోందని దీన్ని అర్థం చేసుకోవచ్చు. స్లైడు మీద గోధుమ రంగు మచ్చను చూసి ఆ ప్రోటీన్ పనిచేస్తోందో లేదో చెప్పలేమన్నది మా విభాగంలో అందరూ గట్టిగా గుర్తుంచుకోవాలని నా అభిప్రాయం.

లోపలి పొరలో కొవ్వు పూడికతో వచ్చే గట్టిదనం వేరు, మధ్య పొరలో సాగే పీచుల వెంట వచ్చేది వేరు. రెండోదాన్ని మోంకెబర్గ్ 1903లో వర్ణించారు. మధుమేహం, మూత్రపిండాల జబ్బు ఉన్నవారి కాళ్ల ధమనుల్లో ఎక్కువగా చూస్తాము. ఆచార్యులు చెప్పిన 1997 నాటి ఎలుకల్లో కనబడింది ఈ రెండో రకానికి దగ్గర. ఎలుకల ఫలితాన్ని మన నాన్నగార్ల కరోనరీ పూడికలకు యథాతథంగా అన్వయించే ముందు ఈ తేడాను లెక్కలోకి తీసుకోవాలి.

అడిగినవారి మాట
రసాయనశాస్త్ర ఉపన్యాసకుడు, ప్రొద్దుటూరు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఉనికికీ పాత్రకూ మధ్య తేడా బాగా అర్థమైంది. ఇక మిగిలింది నాన్నగారి పళ్లెం, మందుల సంగతి. రాగి సంగటి, బోరు నీళ్లు మానడం వల్ల మేలు ఏమైనా ఉందా? కె2 మాత్రలు కొనమంటారా? డ్రిప్పు ఎక్కించి బ్లాకులు కరిగిస్తామని ఒకచోట చెప్పారు, అది ఇ.డి.టి.ఎ. అనే తెలిసింది. పాథాలజీ బల్ల మీద ముక్కలోని ఖనిజాన్ని కరిగించేది మనిషి ఒంట్లో ఎందుకు కరిగించదని నాన్నగారు అడుగుతున్నారు.

సమాధానం 3
జనరల్ ఫిజీషియన్, కడప

నాన్నగారి ప్రశ్న చాలా సరైనది. బల్ల మీద ముక్క రోజుల తరబడి గాఢమైన ద్రావణంలో మునిగి ఉంటుంది, చుట్టూ రక్తం ఉండదు. ఒంట్లోకి ఎక్కించిన ఇ.డి.టి.ఎ. ముందుగా రక్తంలోని కాల్షియంను పట్టుకుని మూత్రంలో పోతుంది. ఆ లోటును పారాథైరాయిడ్ హార్మోను ఎముకల నుండి తెచ్చి భర్తీ చేస్తుంది. వేగంగా ఎక్కిస్తే రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పడిపోతుంది. గుండెపోటు వచ్చిన మధుమేహ రోగులకు 40 సార్లు డ్రిప్పు ఎక్కించి చూసిన పెద్ద పరీక్ష ఫలితాలు 2024లో వచ్చాయి. గుండె జబ్బుల ముప్పు తగ్గలేదు. ఆ డబ్బు దయచేసి ఖర్చు పెట్టవద్దు.

విటమిన్ కె2 గురించి ఆశ కలగడానికి కారణం ఉంది. ఆహారంలో కె2 ఎక్కువగా తీసుకున్నవారిలో గుండె జబ్బు మరణాలు, బృహద్ధమని గట్టిదనం తక్కువగా ఉన్నట్టు నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ అధ్యయనం 2004లో చెప్పింది. కానీ అది తిండి అలవాట్లను చూసి రాసిన లెక్క. మాత్రగా ఇచ్చి చూసినప్పుడు, డెన్మార్క్‌లో గుండె కవాటం గట్టిపడిన పురుషులకు రోజుకు 720 మైక్రోగ్రాముల కె2, దానికి తోడు విటమిన్ డి రెండేళ్లు ఇస్తే, కవాటం గట్టిపడే వేగం తగ్గలేదని 2022లో తేలింది. అడ్డుకునే ప్రోటీన్‌కు విటమిన్ కె కావాలన్నది నిజం. ఎక్కువ విటమిన్ ఇస్తే ఇప్పటికే కట్టిన ఖనిజం ఎముకకు తరలిపోతుందన్నది దాని నుండి రాదు. ప్రోటీన్ ఆపేది పెరుగుదలను. కట్టినదాన్ని తవ్వి తీయడం దాని పని కాదు.

రాగి సంగటి నిరభ్యంతరంగా తినమనండి. వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, ఆయన వయసులో ఎముకలకు అది కావాలి. మధుమేహం ఉంటే ముద్ద పరిమాణం చూసుకోవాలి. మూత్రపిండాలు దెబ్బతిన్నవారి విషయం వేరు, వారికి ఫాస్ఫేట్ లెక్క ముఖ్యం కాబట్టి తమ డాక్టరును అడిగి తినాలి. కఠిన జలం వల్ల ధమనులు గట్టిపడతాయని చూపే ఆధారం లేదు. అనంతపురం వైపు బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ పళ్లకు, ఎముకలకు చేసే హాని నిజమైన సమస్యే గాని, దాన్ని దీనితో కలపకూడదు.

స్కోరు గురించి ఒక మాట. 1990లో ఆర్థర్ అగాట్‌స్టన్, ఆయన సహచరులు రూపొందించిన ఈ లెక్క, సి.టి.లో 130 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు (సి.టి.లో సాంద్రతను కొలిచే ప్రమాణం) దాటిన మచ్చల వైశాల్యాన్నీ సాంద్రతనూ కలిపి వేస్తుంది. 400 దాటిందంటే కరోనరీల్లో పూడిక చాలాచోట్ల ఉందని అర్థం. ఏ బ్లాకు ఎంత శాతం అన్నది ఇది చెప్పదు. స్టాటిన్ (కొలెస్టరాల్ తగ్గించే మందు) మొదలుపెట్టాక స్కోరు తగ్గకపోగా కొంచెం పెరగవచ్చు, ఎందుకంటే మెత్తని కొవ్వు తగ్గి పూడిక దట్టమవుతుంది. అలాంటి పూడిక పగిలే అవకాశం తక్కువ. ప్రమాదం ఎక్కువగా పూడిక మీది పలచని కప్పులో ఉండే, సి.టి.కి కనబడనంత సన్నని నలుసులతో. వాటి చుట్టూ ఒత్తిడి కేంద్రీకృతమై కప్పు చిరగవచ్చు. అందుకని స్కోరు తగ్గిందా లేదా అని ఏటా సి.టి. తీయించకండి. స్టాటిన్, బి.పి., చక్కెర, పొగాకు ఉంటే దాన్ని మానడం, వీటి మీద దృష్టి పెట్టండి. నడిచినప్పుడు గుండెలో పట్టేసినట్టు ఉంటోందా అని మాత్రం ఆయన్ను తప్పక అడగండి. ఉందంటే ఆలస్యం చేయకుండా కార్డియాలజిస్టుకు చూపించండి.

మరొక ప్రశ్న
చదువరి, ఆదోని

అయ్యా, మా ఆవిడకు కీళ్లవాతం వల్ల కవాటం పాడైతే లోహపు కవాటం వేశారు, రోజూ వార్ఫరిన్ వేసుకుంటుంది. వార్ఫరిన్ ఈ గ్లా తయారీని అడ్డుకుంటుందని పైన చదివి భయమేసింది. మాత్ర మార్పించుకోవాలా? ఆకుకూరలు పూర్తిగా మానిపించాము, అది సరేనా?

సమాధానం 4
జనరల్ ఫిజీషియన్, కడప

మాత్ర ఒక్కరోజు కూడా ఆపకండి. వార్ఫరిన్ ఇచ్చిన ఎలుకల ధమనులు గట్టిపడ్డట్టు 1998లో చూపించారు, దీర్ఘకాలం వాడిన మనుషుల్లోనూ గట్టిదనం కొంత ఎక్కువగా ఉన్నట్టు పరిశీలనలు ఉన్నాయి. మీ భయానికి ఆధారం లేకపోలేదు. కానీ లోహపు కవాటం మీద గడ్డకట్టడం గంటల్లో ప్రాణం తీయగలదు. లోహపు కవాటం ఉన్నవారికి వార్ఫరిన్ బదులు డాబిగట్రాన్ అనే కొత్త మందు ఇచ్చి చూసిన పరీక్షలో గడ్డలూ రక్తస్రావమూ రెండూ పెరగడంతో దాన్ని మధ్యలోనే ఆపేశారు, ఆ ఫలితాలు 2013లో వచ్చాయి. కాబట్టి ఆమెకు వార్ఫరిన్ కోవకు చెందిన మందే సరైనది. పైన చర్చించిన కె2 మాత్రలు ఆమెకు ఏ పరిస్థితిలోనూ ఇవ్వవద్దు, అవి మందు పనిని చెడగొడతాయి.

ఆకుకూరలు పూర్తిగా మాన్పించడం అవసరం లేదు. తోటకూర, పాలకూర, మునగాకుల్లో విటమిన్ కె ఎక్కువే. ఒక వారం అసలు తినకుండా మరో వారం రోజూ తింటేనే ఐ.ఎన్.ఆర్. (రక్తం గడ్డకట్టే తీరును చూపే అంకె) అదుపు తప్పుతుంది. వారానికి ఎన్నిసార్లు, ఎంత అన్నది ఒకే తీరుగా ఉంచి, దానికి తగినట్టు మందు మోతాదును మీ డాక్టరుతో సరిచేయించుకోండి. ఇన్నాళ్లు మానిపించారు కాబట్టి తిరిగి మొదలుపెట్టే ముందు వారికి చెప్పి, మొదలుపెట్టిన వారంలో ఒకసారి ఐ.ఎన్.ఆర్. పరీక్ష చేయించండి.